ఖాడీ గట్టు మీద గునుగు

మొక్కల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి అందరూ ఒకటే అడుగుతారు: "మీ సర్వీసులో ఎన్ని చెట్లు నాటించి ఉంటారండీ?" అని. నాటించినవి నాకు సరిగ్గా గుర్తులేవు. కోయించింది మాత్రం బాగా గుర్తుంది. ఇంతవరకూ దాన్ని కాగితం మీద పెట్టలేదు. పోయిన నెల మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ఇంటికొచ్చి, టీ తాగి, "మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి" అన్నారు. పిల్లలూ, మీరు ఆశించింది ఇది కాకపోవచ్చు. కానీ నా అనుభవంలో మీకు పనికొచ్చేది ఏదైనా ఉంటే ఇదే.

మాది గోదావరి పక్క. డిప్లొమా పట్టుకుని ఉద్యోగం వెతుక్కుంటూ సూరత్ వచ్చాను, నగరంలోని పార్కులు, చెట్లు చూసుకునే శాఖలో కుదురుకున్నాను. సర్వీసు చివరికొచ్చేసరికి నేను సూపర్వైజర్ని. నా చేతి కింద పదకొండు మంది మాలీలు, ఒక స్కూటరు, రెండు నొప్పి మోకాళ్ళు. ఇక రెండు మూడేళ్ళు ఫ్యాను కింద కూర్చుని వెళ్ళిపోదామనుకుంటున్న సమయంలో కొత్త ఆఫీసరు వచ్చారు. గుజరాతీ అమ్మాయి, వయసులో నా కూతురి కంటే చిన్నది. మొదటి మీటింగులోనే నా ఫ్యాను కట్టేశారు.

గోడ మీద పెద్ద తెర. ఆకాశంలోంచి తీసిన నగరం బొమ్మ. అక్కడక్కడా ఆకుపచ్చ మచ్చలు. "ఇవన్నీ ఏమిటో ఎవరికైనా తెలుసా?" అని అడిగారు. "పైనుంచి చూస్తే ఆకులే కనబడతాయి. నడిచి చూసి రండి. ఒక కొస నుంచి లోపలికి వెళ్ళి, రెండో కొస నుంచి బయటికి వచ్చాకే ఫారం రాయాలి. బండి మీద నుంచి చూసి రాసిన ఫారం నాకు వద్దు" అన్నారు.

బయటికొచ్చాక నేను తిట్టని తిట్టు లేదు. ఈ వయసులో కాలినడకన నగరం చుట్టి రమ్మంటే ఎలా అని చాయ్ బండి దగ్గర అరగంట ఉపన్యాసం ఇచ్చాను. తోటివాళ్ళు తలలూపారు. మర్నాటి నుంచి నడక మొదలుపెట్టాం.

నిజం చెప్పొద్దూ, వారం తిరిగేసరికి నాకు ఆ పని మీద మోజు పుట్టింది. ముప్ఫై ఏళ్ళు ఉన్న ఊరు అప్పుడే కొత్తగా చూశాను. తాపీ నది ఒడ్డున పొద్దున్నే వెళితే నిద్రగన్నేరు చెట్ల కింద ముసలాళ్ళు గుంపుగా నిలబడి చప్పట్లు కొడుతూ నవ్వుతుంటారు. ఎందుకని అడిగితే ఆరోగ్యానికట. పాత బస్తీలో పూర్వం దొరలు కట్టించుకున్న సమాధుల తోట ఉంది. బయట ట్రాఫిక్ హోరు, లోపల రామచిలుకల గోల. ఒక బడి వెనక మూడు గదులంత చోటులో సీమచింత చెట్లు, వాటి కింద కాయలు ఏరుకునే పిల్లలు. హజీరా ఫ్యాక్టరీలకి వెళ్ళే కంపెనీ బస్సులు ఆగే చోట ఒక డ్రైవరు పాత టైర్లలో తులసి, మందార పెంచుతున్నాడు. బట్టల మార్కెట్ల మధ్య అంగుళం ఖాళీ ఉండదనుకునేవాణ్ణి. అక్కడ కూడా ఒక గోడ పగులులోంచి లేచిన రావికి దారం చుట్టి, పూజ చేసి, చుట్టూ చోటు వదిలారు. ఈ ఊరు పని తప్ప ఇంకేం తెలియని ఊరని అన్నేళ్ళూ అనుకున్నాను. ఎంత గుడ్డితనం!

ఇలా మురిసిపోతూనే తప్పు కూడా చేశాను. మే నెల. మాడు పగిలే ఎండ. డిండోలి వైపు ఖాడీ గట్టు ఒకటి మిగిలింది. ఖాడీ అంటే ఇక్కడి మాటలో వాగు. మరమగ్గాల కార్మికులుండే బస్తీకీ ఆ వాగుకీ మధ్య పొడుగ్గా, సన్నగా ఉన్న గట్టు. నేను వంతెన మీద స్కూటరు ఆపి, కాలు కింద పెట్టకుండా, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. ఎండిన పుల్లలు, తుప్పలు, జిల్లేళ్ళు, నాలుగు వేపచెట్లు, ఎగురుతున్న ప్లాస్టిక్ సంచులు. ఆ వంతెన మీదే, స్కూటరు సీటు మీద కాగితం పెట్టి ఫారం నింపాను: "ఖాళీ స్థలం. ముళ్ళపొదలు. ఎవరి వాడుకలోనూ లేదు." సంతకం పెట్టి, చల్లగా చెరకురసం తాగి ఇంటికెళ్ళిపోయాను.

వానాకాలం సగం గడిచాక ఒకరోజు ఆఫీసు ప్యూను వచ్చి, "మీ భాషవాళ్ళు ముగ్గురు వచ్చారు, గొడవ చేస్తున్నారు" అన్నాడు. వెళితే ముగ్గురు ఆడవాళ్ళు. ముందున్నామెకు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, నుదుట రూపాయంత బొట్టు, జాకెట్టు మీద ఇంకా దూది నూగు. పొద్దుటి పాలీ, అంటే షిఫ్టు, దిగి తిన్నగా వచ్చినట్టున్నారు. నలభై ఏళ్ళ కింద తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చిన కుటుంబం. భర్త మగ్గాలు నడిపేవాడు, తను బాబిన్లు చుట్టేది, ఇప్పటికీ చుడుతూనే ఉంది.

"నువ్వేనా తెలుగు సారువు?" అంది.

"అవునమ్మా, ఏంటి సంగతి?"

"మా ఖాడీ కాడ బోర్డు పాతిన్రు. టెంపోలు ఆగేటందుకు జాగ చేస్తరంట. గది ఖాళీ జాగ అని మీ ఆఫీసుల రాసిన్రంట. ఎవడు రాసిండు సారూ? వాని కండ్లల్ల ఏం పడ్డది?"

నేనే రాశానని చెప్పే ధైర్యం లేక, "చూస్తానమ్మా, ఎక్కడో పొరపాటు జరిగింది" అన్నాను.

"సూసుడు గాదు. నడువు మాతోని. మేము పదేండ్ల సంది పెంచుకుంటున్నం. నీ పొరపాటు నువ్వే సూద్దువు రా."

ఆ మాటతో లేచాను. పోకపోతే అక్కడే కూర్చునేట్టున్నారు మరి.

అదే నేను ఆ గట్టు మీద మొదటిసారి కాలు పెట్టడం. వంతెన మీద నుంచి చూసినదానికీ దానికీ పోలికే లేదు. వానకి అంతా లేచింది. నడుమెత్తు తంగేడు, మోకాలెత్తు పచ్చని మొక్కలేవో గుంపులు గుంపులుగా, మధ్యలో కాలిబాట. వేపచెట్టు కింద పాలీ మధ్యలో పడుకుని లేచే మగ్గం కార్మికులు. గంటల తరబడి మగ్గాల చప్పుడు విన్నవాళ్ళు అక్కడ మాట్లాడుకోరట, ఊరికే కూర్చుంటారట. ఆమె నడుస్తూ చేత్తో తడుముతూ చెబుతూ పోయింది. నేను అలవాటు కొద్దీ చెట్లే చూశాను. వేపలు ఎన్ని, కానుగలు ఎన్ని, వాటి లావెంత అని రాసుకుంటూ. కింద మొక్కల సంగతి నా చెవికెక్కలేదు. పైగా బాట తిన్నగా లేదు, పాములా మెలికలు తిరిగి ఉంది. కాలు మడత పడితే, "దీన్ని తిన్నగా వేసుకోవచ్చు కదమ్మా" అని విసుక్కున్నాను కూడా.

"నీకు తెల్వదు తియ్ సారూ" అని నవ్వి ఊరుకుంది.

తిరిగొచ్చి ఆఫీసరమ్మకి చెప్పాను, ఆ స్థలాన్ని మళ్ళీ చూడాలని. పాత ఫారం ఎలా రాశానో మాత్రం చెప్పలేదు. పార్కింగు పథకం చూసే ఇంజనీరు ఒప్పుకోలేదు. ఒకసారి ఖాళీ అని రాసి సంతకం చేశాక మళ్ళీ చూడడమేమిటన్నాడు. చివరికి అందరూ కలిసి స్థలానికి వెళ్ళి తేల్చాలని నిర్ణయమైంది. రోజు ఖాయమైంది. అది బతుకమ్మకి సరిగ్గా వారం ముందు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. మా గోదావరి వైపు ఆ పండగ లేదు మరి.

ఇప్పుడు అసలు ఘనకార్యం వినండి.

పై అధికారులు వస్తున్నారంటే మన శాఖలో ఏం చేస్తామో మీకు తెలుసు. సాఫ్ సఫాయి. గడ్డి కోయించడం, మొదళ్ళకు సున్నం కొట్టించడం, బాటకి రెండు వైపులా ఇటుకలు పేర్పించడం. ఎవరూ చెప్పనక్కర్లేదు, చెయ్యి దానంతటదే ఆ పని చేస్తుంది. నేను కూడా నా తప్పు దిద్దుకోవాలనే తొందరలో గొప్పకు పోయాను. "ఎంత చక్కని పార్కు!" అని అందరూ నోరెళ్ళబెట్టాలని, ముందు రోజు మాలీలందర్నీ గడ్డి కోసే మిషన్లతో అక్కడికి పంపాను. చెట్లు వదిలి కింద పిచ్చిమొక్కలన్నీ తీసేయమన్నాను. సాయంత్రం మేస్త్రీ ఫోన్లో ఫోటో పంపాడు. నేల నున్నగా, చెట్ల మొదళ్ళు తెల్లగా మెరుస్తూ ఉన్నాయి. "శాబాష్!" అని జవాబిచ్చాను. ఆ ఫోటో నా భార్యకి కూడా చూపించి, "ఇన్నేళ్ళ అనుభవం ఊరికే పోతుందా" అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. గట్టు మొదట్లో పదిహేను ఇరవై మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఇద్దరు కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు. బాబిన్ల ఆమె నా వైపు నడిచి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"గునుగు మొత్తం కోపిచ్చినవ్ సారూ" అంది. "తంగేడు గూడ. ఇంక వారమే ఉండె బతుకమ్మకు."

అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. గునుగు, తంగేడు బజార్లో దొరికే పూలు కావు. తెలంగాణలో అయితే చేలల్లో, బీళ్ళలో వాటంతట అవే మొలుస్తాయి, ఆడవాళ్ళు వెళ్ళి కోసుకొస్తారు. బతుకమ్మని పేర్చేది వాటితోనే. సూరత్‌లో చేలెక్కడివి? అందుకే పదేళ్ళ కింద ఈమె పుట్టింటికి వెళ్ళినప్పుడు గింజలు కొంగున కట్టుకొచ్చి ఈ గట్టు మీద చల్లింది. ఏడాదికేడాది అవి పెరిగి బస్తీలో ఇంటింటికీ సరిపోయేంత అయ్యాయి. వానలో నేను చూసిన మోకాలెత్తు పచ్చని మొక్కలు అవే. పూత రాకముందు వాటిని చూస్తే నాకు కలుపులా కనిపించాయి. ముందు రోజు అవి సగం పూసి ఉంటే, చూసిన మాలీలు కూడా మిషన్ ఆపలేదు. ఆపమని నేను చెప్పలేదు కదా.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతలో జీపు వచ్చింది. ఆఫీసరమ్మ, ఇంజనీరు దిగారు. ఇంజనీరు గట్టు పొడుగునా ఒకసారి చూసి నవ్వాడు. "ఫారంలో ఉన్నది నిజమే కదా మేడమ్. నాలుగు చెట్లు, మిగతాదంతా ఖాళీ నేల. ఇందులో ఇంక చూసేదేముంది?" అన్నాడు.

అతని తప్పేం లేదు. మే నెలలో నేను రాసిన అబద్ధాన్ని నిన్న నా మనుషులే నిజం చేసిపెట్టారు.

ఆఫీసరమ్మ నా మొహంలోకి చూశారు. ఆ క్షణంలో నేను ఏదైనా చెప్పి తప్పించుకోవచ్చు. తప్పించుకునేవాణ్ణేమో కూడా. కానీ పక్కన ఆమె నిలబడి ఉంది.

"నిన్నటి దాకా ఇది ఖాళీ కాదు మేడమ్. నేనే కోయించాను" అన్నాను. "మొదటి ఫారం కూడా నడిచి రాసింది కాదు. వంతెన మీద నుంచి చూసి రాశాను."

ఇంజనీరు నవ్వు ఆపేశాడు. ఆఫీసరమ్మ "అయితే ఇప్పుడు నడుద్దాం" అని మాత్రం అన్నారు.

బాబిన్ల ఆమె ముందు నడిచింది. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో బతికిన మనిషి, ఆమెకి గుజరాతీ నాకంటే బాగా వచ్చు. కానీ ఆ పూట ఒక్క ముక్క గుజరాతీ మాట్లాడలేదు. తెలుగులో చెప్పి, నా వైపు తిరిగి, "మేడమ్‌కు నువ్వే చెప్పు" అనేది. నేను కోయించిన ఒక్కొక్క మొక్కనీ నా నోటితోనే చెప్పించింది. ఆ శిక్ష సరిగ్గా సరిపోయింది నాకు.

"గీడ తంగేడు. మొదలు సూడు, ఇంక పచ్చిగనే ఉన్నది. చెప్పు."

చెప్పాను.

"గీడికెల్లి ఆ వేప దాక అంత గునుగే. తెలుపు, గులాబి. ఆ పొద పక్కకు కట్లపూలు. చెప్పు."

చెప్పాను. ఏమీ లేని నేల మీద ఆమె ఆగిన చోటల్లా ఒక మొక్క ఉన్నట్టే ఉంది. వంగి మోళ్ళు ముట్టుకునేది. ఏ మొక్క ఏ ఏడు మొలిచిందో, ఏది పోయినేడు వరదకి వంగి మళ్ళీ లేచిందో ఆమెకి తెలుసు. ముప్ఫై ఏళ్ళు మొక్కల శాఖలో జీతం తిన్నాను. నాకు ఒక్క గట్టు కూడా అలా తెలియదు.

సగం దూరం వెళ్ళాక ఆఫీసరమ్మ ఆగిపోయారు. కింద బాట వైపు చూస్తున్నారు. నేను విసుక్కున్న బాటే అది. కోత అయ్యాక ఇంకా స్పష్టంగా కనబడుతోంది. నున్నటి నేల మీద అది ఒకచోట కుడికి వంగి, మళ్ళీ ఎడమకి తిరిగి, ఇంకోచోట గుండ్రంగా చుట్టి వెళ్ళింది.

"అడ్డం ఏమీ లేదు కదా. మనుషులు ఇలా వంకర టింకరగా ఎందుకు నడిచారు?" అని అడిగారు.

నేను తర్జుమా చేసే దాకా ఆమె ఆగలేదు. ప్రశ్న అర్థమైందిగా.

"గునుగు వరుసల మొలవదు. గింజ యాడ రాల్తె ఆడ మొలుస్తది. దాని మీద కాలు పడొద్దని మేమే పక్కకెల్లి నడుస్తం. పదేండ్ల సంది గట్లనే. తొవ్వ మేం మార్చుకున్నం గానీ దాన్ని జరపలే" అంది.

ఇది నేను గుజరాతీలో చెప్పాను. ఇంజనీరు నేల మీద ఆ బాటని చివరి దాకా కళ్ళతో వెంబడించాడు. ఎక్కడెక్కడ వంపు ఉందో అక్కడల్లా ఒక మొక్క ఉండేదని అతనికీ అర్థమైంది. ఖాళీ నేల మీద ఎవరూ అలా నడవరు.

గట్టు రెండో కొసన మాలీలు కోసిన మొక్కలు కుప్ప పోసి ఉన్నాయి. లారీ ఇంకా రాలేదు. ఆ పచ్చకుప్పలోంచి గులాబీ రంగు కంకులు అక్కడక్కడా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆఫీసరమ్మ ఒకటి లాగి చేతిలో పట్టుకున్నారు. అక్కడే నిలబడి నాకు కొత్త ఫారం ఇచ్చి, "రాయండి" అన్నారు. పార్కు, తోట, రోడ్డు మధ్య మొక్కలు అని ఫారంలో ఉన్న గడుల్లో ఇది ఏదీ కాదు. ఆవిడ ఫారం వెనక్కి తీసుకుని, వాటన్నిటినీ కొట్టేసి పక్కన తన చేత్తో రాశారు: "బస్తీ ఆడవాళ్ళు పూల కోసం కావాలని ఇలా ఉంచుకున్న గట్టు. కోయరాదు." ఇంజనీరు కాసేపు గొణిగి, టెంపోలకి వేరే చోటు చూస్తానని సంతకం పెట్టాడు. నాకు మెమో రాలేదు. వచ్చి ఉంటే కొంత తేలికగా ఉండేది.

స్థలం దక్కింది గానీ ఆ ఏటి పూలు పోయాయి. ఆడవాళ్ళు ఆ కుప్ప ముందు కూర్చుని విచ్చుకున్న కంకులు ఏరి, నీడన ఆరబెట్టుకున్నారు. మిగతాదంతా మొగ్గే, దేనికీ పనికిరాలేదు.

పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ సాయంత్రం వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఊరంతా గర్బా పాటల హోరు. ఆ బస్తీ సందులో మాత్రం చప్పట్లు, "ఉయ్యాలో" అనే పాట. బజారు బంతిపూలు ఎక్కువగా, గునుగు అక్కడక్కడా పెట్టి పేర్చిన బతుకమ్మలు మోకాలెత్తు కూడా లేవు. పోయినేడు నడుమెత్తు పేర్చారట. అయినా ఒక్కరి అడుగూ తప్పలేదు, ఒక్కరి గొంతూ తగ్గలేదు. నేను దూరంగా గోడ పక్కన నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా కళ్ళు తిప్పుకోలేకపోతున్నాను. అంత అందంగా ఉంది.

ఆమె చూసి పిలిచింది. దోసిట్లో మలీద పెట్టింది. రొట్టె, బెల్లం నలిపి చేసిన ఉండ. అది నమలలేక, "అమ్మా, మాటిస్తున్నా. వచ్చే ఏడాది మా మనిషి ఒక్కడు కూడా ఇటు రాడు" అన్నాను.

"అట్లెందుకంటవ్?" అంది ఆమె. "తెల్వకనే కోసిన్రు గద. రాకుంటె ఎట్ల తెలుస్తది? పంపు. మిషన్లు వద్దు, కొడవండ్లు వద్దు. ఉత్త చేతులతోని పంపు. జర నడువనీ వాళ్ళను."

మరుసటేడు వానలు వెనకబట్టాక, నేను రిటైరవడానికి నెల ముందు, పదకొండు మంది మాలీలనీ వెంటబెట్టుకుని ఆ గట్టుకి వెళ్ళాను. పోయినేటికి ముందు రాలిన గింజలు మొలిచి గునుగు నడుం దాకా వచ్చింది. ఆమె ముందు నడిచింది. మేం పన్నెండు మందిమీ ఒకరి వెనక ఒకరం, ఆమె తిరిగిన చోటల్లా తిరుగుతూ, రెండో కొస దాకా ఉత్త చేతులతో నడిచాం.